శాన్ ఫ్రాన్సిస్కో టోంగా రూమ్: అమ్మానాన్నలతో వెళ్ళొచ్చా?

చిక్కడపల్లి వేణు
అందరికీ నమస్కారం. వచ్చే నెల ఆఫీసు పని మీద శాన్ హోసే వస్తున్నాను. అమ్మానాన్న ఇప్పటికే ఫ్రీమాంట్‌లో మా చెల్లెలి దగ్గర ఉన్నారు. ఒక శనివారం అందరం శాన్ ఫ్రాన్సిస్కో వెళ్దామని ప్లాన్. గోల్డెన్ గేట్ బ్రిడ్జి, పియర్ 39 వాళ్ళు ఈపాటికే చూసేశారు. ఫెయిర్‌మాంట్ హోటల్లో టోంగా రూమ్ అని పాత టికీ బార్ ఒకటి ఉందట. లోపల కొలను, కొలనులో పడవ మీద బ్యాండు, మధ్యమధ్యలో వాన కూడా కురుస్తుందని మా టీంలో ఒకతను తెగ ఊరించాడు.

మా నాన్నగారిది కర్నూలు, రిటైర్డ్ సోషల్ మాస్టారు. మందు ముట్టరు, కానీ పాత కట్టడాలంటే ప్రాణం. అమ్మ గుడ్డు కూడా తినదు. ఇలాంటివాళ్ళని తీసుకెళ్తే బాగుంటుందా, డబ్బు దండగా? అసలు టికీ బార్ అంటే ఏంటో కూడా చెప్పండి. నాకు తెలిసిన బార్లు ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దాటవు.

సన్నీవేల్ సుజాత
వేణు గారూ, నిక్షేపంగా తీసుకెళ్ళండి. మా అత్తగారిని తీసుకెళ్ళాను, ఆవిడ కూడా మందు వాసన పడని మనిషే. మొదట కొంచెం మొహమాటపడ్డారు. వాన మొదలయ్యాక మాత్రం ఫోను తీసి వీడియో కాల్‌లో ఊళ్ళో ఉన్న చెల్లెళ్ళందరికీ చూపించారు.

హోటలు నాబ్ హిల్ మీద ఉంటుంది. పైన లాబీ అంతా పాలరాతి స్తంభాలు, పెద్ద పెద్ద దీపాలు. అక్కణ్ణించి కింది అంతస్తుకి దిగితే ఒక్కసారిగా చీకటి. కళ్ళు అలవాటుపడేసరికి మధ్యలో పొడవాటి నీళ్ళ మడుగు కనిపిస్తుంది. అది బార్ కోసం తవ్వింది కాదు. 1929లో హోటల్ అతిథుల కోసం కట్టిన ఈతకొలను. దాని చుట్టూ ఆకు కప్పిన పందిళ్ళు, ఒక్కో పందిరి కింద బల్లలు. ఓ పక్కన ఓడ తెరచాప స్తంభం, తాళ్ళు. డ్యాన్స్ ఫ్లోరుకి వాడిన చెక్క కూడా ఫారెస్టర్ అనే పాత కలప ఓడదేనట. ఒకప్పుడు శాన్ ఫ్రాన్సిస్కోకీ దక్షిణ సముద్ర దీవులకీ మధ్య తిరిగిన ఓడ అది.

ఇక వాన. అరగంటకోసారి, కాస్త అటూఇటుగా, ఉరుము వినిపిస్తుంది. మెరుపు కొడుతుంది. పైకప్పు నుంచి కొలను అంచుల వెంబడి నీళ్ళు ధారగా పడతాయి. మీ మీద పడవు, అంచున కూర్చుంటే నాలుగు తుంపరలు తగులుతాయంతే. బ్యాండువాళ్ళు గడ్డికప్పు తెప్ప మీద కొలను మధ్యకి వచ్చి పాడతారు. అది చూసి నవ్వు రానివాళ్ళని నేనింతవరకు చూడలేదు.

డ్రింకుల కోసమే అయితే నేను వెళ్ళమనను. నా నోటికి అన్నీ తీపి ఎక్కువ. మందు లేని డ్రింకులు ఉంటాయి, నాన్నగారికి ఇబ్బంది లేదు. అమ్మగారి తిండి సంగతి మాత్రం ముందే చూసుకోండి. ఇలాంటి చోట్ల మంచింగ్ అంతా పంది పక్కటెముకలు, రొయ్యలు, కోడి. శాకాహారం అని అడిగితే చేసిచ్చేవి ఒకటో రెండో. ఇంటి దగ్గర తినేసి వెళ్ళి, అక్కడ ఏదో ఒకటి తాగి, వాన చూసి రావడం ఉత్తమం.

బెజవాడ బాబ్జీ
ఆకుల పందిరి కింద కూర్చుని వాన చూడ్డానికి డాలర్లు కట్టాలా! శ్రావణమాసంలో మా మేనమామగారింటికి రండి. పందిరి ఫ్రీ, వాన ఫ్రీ, కరెంటు పోతే చీకటి కూడా ఫ్రీ.

కోనసీమ కుర్రాడు
బాబ్జీ అన్నా, ఫొటోలు చూశాను. ఆ పందిరి నేత మనవాళ్ళు చూస్తే ఒప్పుకోరు. మొదటి గాలివానకే లేచిపోతుంది. అయినా లోపల పడే వానే కదా, గాలి లేదు కాబట్టి నిలబడింది.

పాత పేపర్ల పంతులు
వేణు గారూ, మీ నాన్నగారు సోషల్ మాస్టారు, పైగా కర్నూలు అన్నారు కాబట్టి ఇది రాయకుండా ఉండలేకపోతున్నాను. బార్ సంగతి తర్వాత, ముందు ఆయన్ని హోటల్ వాకిట్లో నిలబెట్టండి.

ఆ భవనం 1906 ఏప్రిల్ నాటి భూకంపానికి దాదాపు పూర్తయి ఉంది. గోడలు నిలిచాయి, తర్వాత వచ్చిన మంటలు లోపలంతా తినేశాయి. బాగుచేసే పని జూలియా మోర్గన్ అనే ఆర్కిటెక్టుకి అప్పగించారు. ఆ రోజుల్లో ఇంత పెద్ద కట్టడం ఒక ఆడమనిషి చేతికి ఇవ్వడం మామూలు సంగతి కాదు. సరిగ్గా ఏడాదికి, 1907 ఏప్రిల్లో, హోటల్ తలుపులు తెరిచారు.

ఇంకో ముప్పై ఎనిమిదేళ్ళు ముందుకి రండి. 1945 వసంతంలో ఐక్యరాజ్యసమితి పుట్టుక కోసం దేశదేశాల ప్రతినిధులు శాన్ ఫ్రాన్సిస్కోలో కూడారు. చార్టర్ ముసాయిదా మీద మంతనాలు కొన్ని ఈ ఫెయిర్‌మాంట్‌లో కూడా జరిగాయి. ముందు ఎగిరే దేశాల జెండాలు ఆ జ్ఞాపకానికే. అప్పటికి మనకింకా స్వాతంత్ర్యం రాలేదు, అయినా భారతదేశం పేరుతో ఒక ప్రతినిధివర్గం వచ్చింది. దానికి నాయకుడు, జూన్ 26న చార్టర్ మీద ఇండియా తరఫున సంతకం పెట్టిన మనిషి సర్ ఆర్కాటు రామస్వామి మొదలియార్. ఆయన పుట్టింది కర్నూల్లో. చిన్నప్పుడు చదివింది అక్కడి మునిసిపల్ హైస్కూల్లో. ఆ మరుసటి ఏడు ఐక్యరాజ్యసమితి ఆర్థిక సామాజిక మండలికి మొట్టమొదటి అధ్యక్షుడు కూడా ఆయనే. బ్రిటిషువాళ్ళు పంపిన ప్రతినిధి కదా, ఎవరి తరఫున మాట్లాడాడని వాదించవచ్చు. అప్పుడూ వాదించారు. కానీ కర్నూలు మాస్టారికి ఆ వాకిలి చూపించడానికి అంతకు మించిన కారణం నాకు కనిపించదు.

టోంగా రూమ్ మొదలైంది కూడా ఆ 1945లోనే. ఎంజీఎం స్టూడియోలో సెట్లు వేసే మెల్ మెల్విన్‌ని పిలిపించి ఈతకొలనుని ఓడరేవుగా మార్పించారు. తర్వాత్తర్వాత మార్పులు జరిగి ఇప్పుడున్న పాలినీషియా, అంటే పసిఫిక్ దీవుల వాలకం వచ్చింది. అది సినిమా సెట్టు వేసే చేతులు వేసిన సెట్టు అని తెలుసుకుని వెళ్తే దాని అందం బాగా తెలుస్తుంది. వెదురు నిజమైనదా, రాయి నిజమైనదా అని గోకి చూడకూడదు.

చిక్కడపల్లి వేణు
పంతులు గారూ, మీ పోస్టు నాన్నగారికి ఫోన్లో చదివి వినిపించాను. ఆయన కూడా ఆ మునిసిపల్ హైస్కూల్లో కొన్నాళ్ళు పాఠాలు చెప్పారు! ఇక టోంగా రూమ్ వద్దన్నా వినేలా లేరు. "బార్ అయితే ఏం, సంతకం పెట్టినాయన మనూరోడు" అంటున్నారు. సంతకం కూడా ఆ హోటల్లోనే పెట్టారా?

పాత పేపర్ల పంతులు
లేదండి. సంతకాలు జరిగింది సివిక్ సెంటర్‌లోని వెటరన్స్ భవనంలో, ఇప్పుడు హెర్బ్‌స్ట్ థియేటర్ అంటారు. సిటీ హాలు ఎదురుగానే ఉంటుంది. ఓపిక ఉంటే అదీ చూపించండి.

షేకర్ శేఖర్
హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, క్రూయిజ్ ఓడల మీద బార్‌లో పనిచేసి, ఇప్పుడు షికాగోలో స్థిరపడ్డవాణ్ణి. టికీ అంటే ఏంటని అడిగారు కదా, పసిఫిక్ దీవుల వేషం వేసుకుని రమ్ము డ్రింకులు అమ్మే అమెరికా బార్ అన్నమాట. నాకు తెలిసింది చెప్తాను.

1933 డిసెంబరులో అమెరికాలో మద్యనిషేధం ఎత్తేశారు. ఆ వెంటనే ఎర్నెస్ట్ గాంట్ అనే ఒకాయన హాలీవుడ్‌లో చిన్న బార్ పెట్టాడు, డాన్ ద బీచ్‌కోంబర్ అని. ఆయన్నీ డాన్ అనే పిలిచేవారు. అంతకుముందు దేశాలు పట్టి తిరిగినవాడు. చేపల వలలు, గాజు బుడగలు, వెదురు, ఎక్కడెక్కడివో సముద్రపు సామాన్లు తెచ్చి గోడలకి తగిలించాడు. అప్పుడు విస్కీ ఖరీదు, రమ్ము చవక. అందుకని రమ్ము పట్టుకున్నాడు. ఒకటి కాదు, రెండు మూడు రకాల రమ్ములు ఒక గ్లాసులో కలపడం, దానికి నిమ్మరసం, దాల్చినచెక్క పాకం, లవంగం వాసన చేర్చడం ఆయన కనిపెట్టిన విద్య. జాంబీ అనే డ్రింకు మనిషికి రెండే ఇస్తామని బోర్డు పెట్టాడు. అది బెదిరింపు కాదు. అందులో పోసే రమ్ముల్లో ఒకటి 75 శాతం పైన ఆల్కహాలు.

ఆయన బార్ చూసి ఓక్లాండ్‌లో ఇంకొకాయన, విక్టర్ బెర్జెరాన్, తన హింకీ డింక్స్ హోటల్ని ట్రేడర్ విక్స్‌గా మార్చేశాడు. 1944లో మాయ్ టాయ్ అనే రమ్ము డ్రింకు కలిపింది ఈయనే. నేనే కలిపానని డాన్ కూడా అన్నాడు, ఆ తగవు వాళ్ళిద్దరూ పోయినా తెగలేదు. యుద్ధంలో పసిఫిక్ దీవులు చూసొచ్చిన సైనికులు, తర్వాత విమానాలు, 1959లో హవాయి రాష్ట్రం కావడం, వీటన్నిటితో 50లు, 60ల్లో ఊరూరా టికీ బార్లు వెలిశాయి. 70లు దాటేసరికి అవి పాతచింతకాయ పచ్చడి అయిపోయాయి, చాలావాటిని పడగొట్టారు. మళ్ళీ 90ల నుంచి కొత్త కుర్రాళ్ళు పట్టించుకోవడం మొదలుపెట్టారు.

తమాషా ఏంటంటే ఇందులో ఏదీ పాలినీషియాది కాదు. రమ్ములో నిమ్మ కలపడం కరీబియన్ పద్ధతి. వంటకాలు అమెరికాలో చైనావాళ్ళు వండే కాంటన్ రకాలు. గ్లాసులు నింపింది ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవాళ్ళు. బొమ్మలు మాత్రమే పసిఫిక్‌వి, అవీ ఎక్కువభాగం అమెరికాలో చెక్కినవే. సుజాత గారు డ్రింకులు తీపి అన్నారు, నిజమే. పెద్ద హోటల్ రద్దీలో ఆ లెక్కలు అంత శ్రద్ధగా కలవవు. డ్రింకే ముఖ్యం అనుకునేవాళ్ళు అదే ఊళ్ళో గఫ్ స్ట్రీట్‌లో ఉన్న స్మగ్లర్స్ కోవ్‌కి వెళ్ళండి. 2009లో వచ్చింది, పాతదేం కాదు, కానీ రమ్ము చదువుకున్నవాళ్ళ బార్.

ఎల్లే లోకేష్
శేఖరన్న ఫిలిప్పీన్స్ వాళ్ళ మాట ఎత్తాడు కాబట్టి చెప్తున్నా. లాస్ ఏంజెలెస్ వచ్చేవాళ్ళు సన్‌సెట్ బులెవార్డ్‌లో టికీ-టి చూడండి. రే బుహెన్ అనే ఫిలిప్పీన్స్ ఆయన మొదట్లో డాన్ దగ్గర పనిచేసి, 1961లో సొంతంగా పెట్టుకున్నాడు. ఇప్పటికీ ఆయన కుటుంబమే నడుపుతోంది. బార్ మొత్తం మా అపార్ట్‌మెంట్ హాలంత. బల్ల ముందు పన్నెండు స్టూళ్ళు, గోడవారన కొన్ని బల్లలు. కొలనూ లేదు, వానా లేదు. కొన్ని డ్రింకులు ఆర్డర్ చేస్తే బార్ అంతా కలిసి కేకలు పెడుతుంది, అదే సంబరం. వారంలో కొన్ని రోజులే తెరుస్తారు. చాలాకాలం కార్డులు తీసుకునేవాళ్ళు కాదు, క్యాష్ దగ్గర పెట్టుకోండి.

పాత టికీ బార్లలో యజమాని పేరు బోర్డు మీద ఉంటుంది, కలిపినవాడి పేరు ఎక్కడా ఉండదు. డాన్ అయితే తన సొంత పనివాళ్ళకి కూడా ఫార్ములా తెలియకుండా సీసాల మీద అంకెలు వేయించేవాడు. కలిపినవాడే యజమాని అయిన పాత బార్ నాకు తెలిసి ఇదొక్కటే, నాకు అందుకే ఇష్టం.

బెజవాడ బాబ్జీ
శేఖర్ గారూ, ఆ మాయ్ టాయ్ ఏదో ఇంట్లో కలుపుకునే దారి చెప్పండి. వీసా అక్కర్లేని టోంగా రూమ్ పెడతాను.

షేకర్ శేఖర్
బాబ్జీ గారూ, రమ్ము 60 మి.లీ., అప్పుడే పిండిన నిమ్మరసం 30 మి.లీ., నారింజ లిక్కర్ (కురసావ్) 15 మి.లీ., బాదం సిరప్ 15 మి.లీ., కొంచెం పంచదార పాకం. దంచిన ఐసుతో బాగా కుదిపి గ్లాసులో పోసి, పిండేసిన నిమ్మచెక్క, పుదీనా రెమ్మ పైన పెట్టండి. పైనాపిల్ జ్యూస్ పోయకండి. అది 1953లో విక్టర్ ఈ డ్రింకుని హవాయి హోటళ్ళకి తీసుకెళ్ళాక అక్కడ అంటుకున్న అలవాటు. మన నల్ల రమ్ము ఏదైనా పర్లేదు, వెనిల్లా వాసన కాస్త ఎక్కువ కొడుతుంది, అంతే. బాదం సిరప్ బజార్లో దొరికే పసుపు రంగు బాదం మిల్క్ పొడితో చేయొద్దు. తొక్క తీసిన బాదం నానబెట్టి, రుబ్బి, వడకట్టి, పంచదారతో కాచుకోండి.

సువా సత్యం
అందరూ సరదాగా రాస్తున్నారు, చదవడానికి బాగుంది. కాస్త పుల్లవిరుపుగా ఉంటుందేమో కానీ ఒక మాట.

నేను కొన్నాళ్ళు ఫిజీలో, సువా నగరంలో ఉద్యోగం చేశాను. తెలుగువాళ్ళకి పసిఫిక్ దీవులతో సంబంధం టికీ బార్ కంటే ముందే ఉంది. 1879 నుంచి 1916 దాకా మన దేశం నుంచి అరవై వేల మంది దాకా కూలి ఒప్పందం మీద ఫిజీ చెరకు తోటలకి వెళ్ళారు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా కూడా ఓడలు బయల్దేరాయి. అరవం వాళ్ళతోపాటు ఉత్తర కోస్తా నుంచి, రాయలసీమ నుంచి మనవాళ్ళూ ఎక్కారు. 'గిర్మిట్' అనే ఐదేళ్ళ ఒప్పందం. చాలామంది వెనక్కి రాలేదు. 1926లో మొదలైన దక్షిణాది వాళ్ళ సంగం పెట్టిన బళ్ళు అక్కడ ఇప్పటికీ నడుస్తున్నాయి. తెలుగు ఇంటిపేర్లున్న పెద్దవాళ్ళని కలిశాను. వాళ్ళలో చాలామందికి భాష జారిపోయింది, కొన్ని పాటలు, పిలుపులు మాత్రం మిగిలాయి.

వాళ్ళ ముత్తాతలు నరికిన చెరకు నుంచే ఆస్ట్రేలియా కంపెనీ పంచదార తీసింది. రమ్ము వచ్చేది కూడా చెరకు మడ్డి నుంచే. అందుకని 'దీవి అంటే హాయి, కొబ్బరిచెట్టు, రంగుల గ్లాసు' అనే బొమ్మ చూస్తే నాకు నవ్వు రాదు. టోంగా అనేది నిజంగా ఉన్న రాజ్యం. 1875 నుంచి దానికి రాజ్యాంగం ఉంది. అక్కడివాళ్ళు చర్చికి వెళ్ళే, ఆదివారం దుకాణాలు మూసే పద్ధతైన జనం. వాళ్ళ పేరు పెట్టిన చోట వాళ్ళది ఏమీ లేదు. మన దేవుడి విగ్రహాన్ని ఎవడో మగ్గులా చేసి అందులో మందు పోసి అమ్మితే ఈ వేదికలో ఎన్ని పేజీల గొడవ జరిగేదో ఆలోచించండి.

సన్నీవేల్ సుజాత
సత్యం గారూ, మగ్గుల సంగతిలో మీరన్నది నిజం. దేవుళ్ళ, పూర్వీకుల మొహాలున్న మగ్గులు నేను కొనను, ఇంట్లో పెట్టను. కొత్తగా వచ్చిన కొన్ని బార్లు కూడా ఆ బొమ్మలు మానేసి ఓడలు, పూలు, రమ్ము వరకే ఉంచుకుంటున్నాయి.

కానీ పాతదాన్ని మూసేయాలా అంటే నేను ఒప్పుకోను. 2009లో హోటల్ టవర్ పడగొట్టి ఫ్లాట్లు కట్టాలని ప్రతిపాదన వచ్చింది, టోంగా రూమ్ కూడా పోయేదే. ఊళ్ళోవాళ్ళు పట్టుబట్టారు. మరుసటి ఏడు సిటీ ప్లానింగ్ విభాగం నివేదిక దీన్ని చారిత్రక వనరుగా లెక్కకట్టింది. అది టోంగా చరిత్ర అని కాదు, యుద్ధం తర్వాత అమెరికావాళ్ళ బుర్రలో దీవులు ఎలా ఉండేవో దాని చరిత్ర. అది పడగొడితే మీరు చెప్పిన వాదనకి చూపించడానికి సాక్ష్యం కూడా ఉండదు.

పాత పేపర్ల పంతులు
ఇద్దరి మాటా కలిసే చోటు ఒకటుంది. టోంగా రూమ్ మొదలైన మరుసటి ఏడు, 1946 మార్చిలో, మార్షల్ దీవుల్లోని బికినీ నుంచి 167 మందిని అమెరికా నౌకాదళం ఖాళీ చేయించింది, అణుబాంబులు పరీక్షించడానికి. వాళ్ళ వారసులు ఇప్పటికీ అక్కడ స్థిరంగా ఉండలేకపోతున్నారు. అదే సముద్రం, అదే కాలం. ఒక గదిలో ఉత్తుత్తి ఉరుములకి జనం చప్పట్లు కొడుతున్నారు. పాఠం చెప్పే మాస్టారు అక్కడ కూర్చుంటే ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు, అందుకే వేణు గారి నాన్నగారు వెళ్ళాలంటాను.

సువా సత్యం
పంతులు గారూ, వెళ్ళొద్దని నేను అనలేదు. తెలిసి వెళ్ళమన్నాను. సుజాత గారి 'సాక్ష్యం' మాటకి జవాబు ఆలోచిస్తున్నా, ఇంకా దొరకలేదు.

ఫ్లోరిడా మాధవి
ఈ చర్చలో మాయ్-కాయ్ పేరు రాకపోతే ఎలా? ఫోర్ట్ లాడర్‌డేల్ పక్కన, 1956 డిసెంబరులో షికాగో నుంచి వచ్చిన ఇద్దరు అన్నదమ్ములు కట్టారు. అసలు సిసలు పాత టికీ అంతా ఒకేచోట చూడాలంటే అదే. తోటలు, జలపాతాలు, భోజనాల గదులు, రాత్రి పూట నిప్పుతో డ్యాన్సు. డ్యాన్సుల బాధ్యత దశాబ్దాలుగా చూసింది తాహితిలో పుట్టిన ఆవిడే, యజమాని భార్య. సత్యం గారు 'వాళ్ళది ఏమీ లేదు' అన్నది ఇక్కడ పూర్తిగా వర్తించదు. 2020 అక్టోబరు వానలకి వంటగది పైకప్పు కూలి నాలుగేళ్ళు మూతపడింది, 2024 నవంబరులో మళ్ళీ తెరిచారు. లోపలి వాన కాదు బాబ్జీ గారూ, నిజం వాన!

బెజవాడ బాబ్జీ
మా కోనసీమ తమ్ముణ్ణి పైకప్పు వేయడానికి పంపిస్తే పోయేది.

లండన్ లక్ష్మి
మా దగ్గర పార్క్ లేన్ హిల్టన్ కింద ట్రేడర్ విక్స్ 1963 నుంచి ఉండేది. 2022 చివర్లో మూసేశారు. ఇంకోసారి వెళ్దాంలే అని వాయిదా వేస్తూ కూర్చున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. యూరప్ వచ్చేవాళ్ళకి మ్యూనిక్‌లో బేయరిషర్ హోఫ్ హోటల్లో 1971 నాటిది ఇంకా ఉంది.

చిక్కడపల్లి వేణు
అందరికీ చాలా థ్యాంక్స్. ఇంత సమాచారం వస్తుందనుకోలేదు. నిర్ణయం అయిపోయింది: మధ్యాహ్నం హెర్బ్‌స్ట్ థియేటర్ బయటి నుంచి, తర్వాత ఫెయిర్‌మాంట్ వాకిలి, జెండాలు, లాబీ, చివరికి కిందకి దిగి వాన. నాన్నగారు సత్యం గారి పోస్టు కూడా చదివారు. ఫిజీ గిర్మిట్ మీద ఆయన దగ్గర పాత పత్రికల కత్తిరింపులు ఉన్నాయట, కర్నూలు వెళ్ళాక వెతికి పంపిస్తానన్నారు. అమ్మ మాత్రం "వాన చూడ్డానికి వస్తా, అక్కడ మంచినీళ్ళు కూడా తాగను" అంటోంది.

కారులో రమ్మంటారా, రైల్లోనా? టేబుల్ ముందే బుక్ చేయాలా?

సన్నీవేల్ సుజాత
శనివారం అయితే ముందే బుక్ చేయండి, లేకపోతే వరసలో నిలబడాలి. బ్యాండు ఏ టైముకి మొదలవుతుందో, దానికి విడిగా డబ్బు తీసుకుంటారో లేదో బుక్ చేసేటప్పుడే అడగండి. పెద్దవాళ్ళున్నారు కాబట్టి బ్యాండుకి ముందే వెళ్ళిపోండి, అది మొదలైతే పక్కన కూర్చున్నవాళ్ళ మాట వినపడదు. కొలను పక్క బల్ల కావాలని అడిగి చూడండి.

కారు వద్దు. నాబ్ హిల్ మీద పార్కింగ్ ఖర్చుతో ఇంకో పూట భోజనం చేయొచ్చు. ఫ్రీమాంట్ నుంచి బార్ట్ రైల్లో సివిక్ సెంటర్‌లో దిగితే హెర్బ్‌స్ట్ నడిచే దూరం. అక్కణ్ణించి హోటల్ దాకా నడిపించకండి, నిలువు ఎక్కుడు, టాక్సీ పిలవండి. దిగేటప్పుడు హోటల్ పక్కనే కాలిఫోర్నియా స్ట్రీట్ కేబుల్ కార్ ఎక్కితే ఎంబార్కడెరో స్టేషన్ దగ్గర దింపుతుంది. పావెల్ లైన్ కంటే దీంట్లో రద్దీ తక్కువ, నాన్నగారికి సీటు దొరుకుతుంది. రాత్రి పొద్దుపోతే ఫ్రీమాంట్‌కి నేరుగా రైలు ఉండదు, బే ఫెయిర్‌లో మారాల్సి వస్తుంది, ముందే చూసుకోండి.

మీరు డ్రింకు తీసుకునేట్టయితే పాస్‌పోర్టు అసలుది జేబులో పెట్టుకోండి. ఫోన్లో ఫొటో చూపిస్తే ఒప్పుకోకపోవచ్చు, ఆధార్ అసలు పనికిరాదు. టిప్పు బిల్లులో కలిపేశారో లేదో చూసి ఇవ్వండి, కలపకపోతే 18 నుంచి 20 శాతం.

అమ్మగారికి ఒక శాలువా పట్టుకెళ్ళండి. లోపల చలి కాదు, బయటికొచ్చాక ఆ కొండ మీద గాలి కొడుతుంది.